రేస్ స్టార్ట్‌లోనే ఎఫ్‌పీఎస్ పడిపోతుంటే: ఓవర్‌క్లాక్ కన్నా ముందు కొలత

ముందు మీ సమస్యని ఒకసారి చెప్పుకుందాం. రైజెన్ 5 5600 ప్రాసెసర్ (సీపీయూ), దానితో వచ్చిన బాక్స్ కూలర్, బీ450 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్స్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ), 1440పీ 144 హెర్ట్జ్ మానిటర్. ఊరు విజయవాడ. అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే కార్ రేసింగ్ గేమ్‌లో ఒక్కరే ల్యాప్‌లు తిప్పుతుంటే వందకి పైనే ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) వస్తోంది. ఆదివారం లీగ్ రేసులో 30 కార్లు ఒక్కసారిగా కదిలేసరికి 55కి పడిపోయి, మొదటి మలుపు దాకా కుదుపులే. పీసీ వేగం కొలిచే 3డీమార్క్ టెస్ట్ స్కోరు మాత్రం అందరికీ వచ్చినంతే వచ్చింది. కార్డుని ఎంత వరకు ఓవర్‌క్లాక్ చేయొచ్చు, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి ఎంత నడపొచ్చు, అది చాలకపోతే ఆర్‌టీఎక్స్ 4070 కార్డు కొనాలా అన్నది మీ ప్రశ్న.

కార్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి, కొత్తది అసలే కొనకండి. మీరు పంపిన టాస్క్ మేనేజర్ ఫోటోలో మెమరీ స్పీడ్ దగ్గర 2400 అని ఉంది. డబ్బులు పెట్టి కొన్నది 3200 ర్యామ్, నడుస్తున్నది 2400 దగ్గర. అదే ఫోటోలో రేస్ స్టార్ట్ సమయానికి జీపీయూ వాడకం 61 శాతం. అంటే కార్డు పని లేక ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తున్న కార్డుని ఇంకా వేగంగా పరిగెత్తిస్తే ఇంకాస్త ఎక్కువసేపు ఎదురుచూస్తుంది, అంతే.

ఫోటోలో సీపీయూ వాడకం 40 శాతమే కదా, దానికి ఇంకా ఖాళీ ఉంది కదా అని మీకు అనిపించి ఉంటుంది. చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. 5600కి 6 కోర్లు, 12 థ్రెడ్లు, అంటే ఒకేసారి పన్నెండు పనులు పట్టగలదు. టాస్క్ మేనేజర్ చూపించేది ఆ పన్నెండింటి సగటు. రేసింగ్ సిమ్యులేటర్‌లో బరువంతా ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. ఒక థ్రెడ్ ఊపిరాడకుండా ఉండి మిగతావి మూడో వంతు పనే చేస్తున్నా సగటు దాదాపు 40 శాతమే కనిపిస్తుంది. కాంపిటిజియోనే అన్‌రియల్ ఇంజిన్ 4 మీద కట్టిన గేమ్. తెర మీద ఏ కారు ఎక్కడ ఉంది, దాని నీడ ఎటు పడాలి, అద్దంలో ఏం కనిపించాలి అని లెక్కగట్టి గ్రాఫిక్స్ కార్డుకి పని అప్పగించేది సీపీయూయే. మీరొక్కరే ట్రాక్ మీద ఉంటే ఆ పని తక్కువ. 30 కార్లు ఒకే చోట గుమిగూడి ఉంటే ఆ పని ఎన్నో రెట్లవుతుంది. 3డీమార్క్‌లోని టైమ్ స్పై టెస్టులో ఇది బయటపడదు. ఆ మొత్తం స్కోరులో 85 శాతం బరువు గ్రాఫిక్స్‌ది, సీపీయూకి 15 శాతమే. పైగా దాని సీపీయూ పరీక్ష కోర్లన్నింటికీ పని పంచేస్తుంది. మీ రేసులో జరిగేది దానికి పూర్తిగా వేరు.

ఈ మాట ఊరికే నమ్మక్కర్లేదు, ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. గేమ్ సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ స్కేల్‌ని 50 శాతానికి దించి, అదే 30 కార్ల గ్రిడ్‌తో (స్టార్ట్‌లో కార్లు నిలబడే వరుస) రేస్ మొదలుపెట్టండి. బొమ్మ మసగ్గా కనిపిస్తుంది, పర్వాలేదు. 55 ఎఫ్‌పీఎస్ 90కి పెరిగితే కార్డే అడ్డు, నా మాట తప్పు. 55 కాస్తా 57 అయి ఆగిపోతే సీపీయూ, ర్యామ్ వైపే సమస్య ఉన్నట్టు.

ఇక కొలవడం గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఇది సరిగ్గా చేయకపోతే తర్వాత చేసే ఏ మార్పు పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో మీకే తెలియదు.

సగటు ఎఫ్‌పీఎస్‌ని పక్కన పెట్టి ఫ్రేమ్ టైమ్ చూడండి, అంటే ఒక్కో ఫ్రేము తయారవడానికి పట్టే సమయం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే 6.9. స్పా ట్రాక్‌లో కెమ్మెల్ స్ట్రెయిట్ చివర మీ కారు గంటకి 250 కిలోమీటర్ల మీద ఉందనుకోండి, సెకనుకి 69 మీటర్లకి పైగా పోతోంది. అక్కడ ఒక్క ఫ్రేము 50 మిల్లీసెకన్లు పట్టిందంటే, దాదాపు మూడున్నర మీటర్లు మీరు రోడ్డు చూడకుండా నడిపినట్టే. బ్రేక్ పాయింట్ తప్పడానికి ఆ మాత్రం చాలు. సగటు 100 వచ్చినా ఆ ఒక్క ఫ్రేము మీ రేసుని పాడుచేస్తుంది. అందుకే సిమ్ రేసింగ్ చేసేవాళ్లు 1 శాతం లో, 0.1 శాతం లో అనే అంకెల్ని చూస్తారు. మరీ నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల పరిస్థితి ఏంటో ఆ అంకెలు చెప్తాయి.

క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఈ పని మొత్తం అదే చేస్తుంది. పక్కన హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో పెట్టుకుంటే ఉష్ణోగ్రతలు, క్లాక్‌లు కూడా రికార్డవుతాయి. మొదటి తరం అసెట్టో కోర్సాలో, ఎఫ్1 గేమ్స్‌లో బెంచ్‌మార్క్ (వేగం కొలిచే టెస్ట్) గేమ్‌లోనే ఉంటుంది. కాంపిటిజియోనేలో అది లేదు కాబట్టి మనమే ఒకటి తయారుచేసుకోవాలి. స్పా ట్రాక్, 29 మంది ఏఐ డ్రైవర్లు, మధ్యాహ్నం 2 గంటలు, మారని వాతావరణం, మీ కారు గ్రిడ్‌లో చిట్టచివర. చివర ఎందుకంటే అప్పుడే మొత్తం గ్రిడ్ మీ కళ్లముందు ఉంటుంది. పచ్చలైటు పడగానే క్యాప్చర్ మొదలై 60 సెకన్లకి ఆగేలా పెట్టండి. లా సోర్స్ హెయిర్‌పిన్ దగ్గర కార్లన్నీ ఇరుక్కోవడం, ఓ రూజ్ ఎక్కడం, రెండూ ఆ నిమిషంలో వచ్చేస్తాయి. కెమెరా ప్రతిసారీ ఒకటే ఉండాలి. లీగ్ రేసప్పుడు డిస్కార్డ్, క్రోమ్ తెరిచి పెట్టుకునే అలవాటుంటే టెస్టులోనూ తెరిచే ఉంచండి.

ఒక్కో సెట్టింగ్‌కి నాలుగు రన్లు చేసి మొదటిది వదిలేయండి. మొదటి రన్‌లో ఫైళ్లు డిస్క్ నుంచి లోడవుతుంటాయి కాబట్టి అంకెలు కొంచెం అధ్వానంగా వస్తాయి. మిగతా మూడింటి మధ్య తేడా ఎంతో చూసుకోండి. ఏమీ మార్చకుండానే రన్‌కీ రన్‌కీ 3 శాతం తేడా వస్తుంటే, రేపు ఓవర్‌క్లాక్ చేశాక వచ్చిన 2 శాతం లాభం లాభమే కాదు. ఒకేసారి రెండు మార్పులు చేయకండి.

సేవ్ చేసిన రీప్లేని నడిపి కొలవమని కొందరు చెప్తారు. ప్రతిసారీ అచ్చం అదే దృశ్యం వస్తుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పరీక్షకి అది బాగా పనికొస్తుంది. కానీ రీప్లేలో కార్ల ఫిజిక్స్ అప్పటికప్పుడు లెక్కగట్టాల్సిన పని లేదు. సీపీయూ మీద బరువు తగ్గిపోతుంది కాబట్టి మీ సమస్య అందులో కనిపించకుండా పోవచ్చు. ఏఐ రేసుకి, ఆన్‌లైన్ రేసుకి కూడా కొంచెం తేడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఎదుటివాళ్ల కార్లు ఎక్కడున్నాయో సర్వర్ చెప్తుంది, ఏఐ కార్లయితే వాటి డ్రైవింగ్ కూడా మీ సీపీయూయే చూసుకోవాలి. ఏఐ గ్రిడ్‌తో నిలకడగా వస్తే లీగ్‌లోనూ దాదాపు వచ్చినట్టే.

ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ ఆకారం కూడా చూడండి. స్టార్ట్ మొదలైనప్పటి నుంచి గీత మొత్తం పైకి లేచి, కార్లు విడిపోయాక మెల్లగా దిగితే అది సీపీయూ పరిమితి. గీత కిందే ఉండి మధ్యమధ్యలో సూదుల్లా పొడుచుకొస్తుంటే కారణం వేరే ఎక్కడో ఉంటుంది. ఆ సూదులు సరిగ్గా రెండు సెకన్లకొకటి చొప్పున వస్తుంటే, ఆర్‌జీబీ లైట్ల సాఫ్ట్‌వేరో, సెన్సార్లు చదివే ప్రోగ్రామో అయి ఉంటుంది. ఒక్కొక్కటీ మూసి చూడండి. అలాంటి సూదుల్ని ఏ ఓవర్‌క్లాకూ తీయలేదు.

ఇప్పుడు ర్యామ్. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్ మెనూ) వెళ్లి, ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. కొన్ని బోర్డుల్లో దాన్నే ఏ-ఎక్స్‌ఎంపీ అనో డీఓసీపీ అనో రాస్తారు. 3200, 1.35 వోల్టులు అని కనిపించాలి. స్టిక్స్ రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లలో ఉన్నాయేమో మూత తీసి ఒకసారి చూడండి. 1, 2లో ఉంటే రెండు స్టిక్స్‌నీ ఒకేసారి వాడుకునే డ్యూయల్ ఛానల్ పనిచేయదు, బ్యాండ్‌విడ్త్ సగానికి పడిపోతుంది. రైజెన్‌లో ర్యామ్ వేగంతో పాటు ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం కూడా ముడిపడి ఉంటుంది. 2400 దగ్గర ఫ్యాబ్రిక్ 1200 మెగాహెర్ట్జ్‌లో, 3200 దగ్గర 1600లో నడుస్తుంది. వంటవాడు ఎంత చురుకైనవాడైనా కూరలు తరిగి ఇచ్చేవాడు నిదానస్తుడైతే పెళ్లి భోజనం ఆలస్యమే, మీ సీపీయూ పరిస్థితి ఇప్పుడదే. మీ 1 శాతం లోలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఈ ఒక్క సెట్టింగ్ వల్లే వస్తుందని నా నమ్మకం.

3200 నిలబడ్డాక 3600 ప్రయత్నించవచ్చు. అప్పుడు ఫ్యాబ్రిక్ 1800 అవుతుంది, మీ 5600 లాంటి జెన్ 3 తరం ప్రాసెసర్లలో చాలా వరకు దాన్ని తట్టుకుంటాయి. మీ స్టిక్స్‌లో ఏ చిప్స్ ఉన్నాయన్న దాన్ని బట్టి అది కుదరొచ్చు, కుదరకపోవచ్చు. సిస్టమ్ అసలు ఆన్ కాకపోతే కంగారు పడొద్దు. కరెంటు తీసేసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ జంపర్‌ని కలిపితే సెట్టింగ్స్ మొదటికి వస్తాయి. మెమరీ విషయంలో అసలు భయం అది కాదు. సరిగ్గా నిలబడని ర్యామ్ చప్పుడు చేయకుండా తప్పులు చేస్తూ పోతుంది, విండోస్ ఫైళ్లు, మీ సెటప్ ఫైళ్లు పాడవుతాయి. అందుకే ఎక్స్‌ఎంపీ పెట్టాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ వద్దు. ‘ఒకటే కదా’ అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు.

దీని తర్వాత ప్రాసెసర్. ఎంత వోల్టేజీ పెట్టాలి అని అడిగారు. ఏమీ పెట్టొద్దు. పాత రోజుల్లోలా వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌ని ఒక అంకె మీద బిగించి వోల్టేజీ పెంచే పద్ధతి రైజెన్ 5000లో సిమ్ రేసింగ్‌కి లాభం కాదు. కోర్లన్నింటికీ కలిపి ఒక వేగం పెట్టేస్తే, ఒక్క కోరు విడిగా అందుకోగలిగే అదనపు వేగం (బూస్ట్) పోతుంది. మనకి కావలసింది సరిగ్గా ఆ ఒక్క కోరు బూస్టే. కాబట్టి బయోస్‌లో బూస్ట్ పరిమితుల్ని సడలించే పీబీఓ ఆన్ చేసి, కర్వ్ ఆప్టిమైజర్‌లో నెగెటివ్ విలువ ఇవ్వండి. ప్రతి వేగానికీ కాస్త తక్కువ వోల్టేజీ సరిపెట్టుకోమని ప్రాసెసర్‌కి చెప్పడం ఇది. ఒక్కో మెట్టు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. వేడి తగ్గుతుంది, తగ్గిన మేరకు అదే ఎక్కువసేపు బూస్ట్‌లో ఉంటుంది. అన్ని కోర్లకీ మైనస్ 10తో మొదలుపెట్టండి. బూస్ట్ ఓవర్‌రైడ్ 200 మెగాహెర్ట్జ్ దాకా ఇవ్వొచ్చు కానీ, కర్వ్ నిలబడిందని తేలాకే. ఇవి మెనూలో కనిపించకపోతే బయోస్ పాతదై ఉంటుంది. అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే.

సినీబెంచ్ అనే ప్రాసెసర్ టెస్ట్ అరగంట నడిచింది కదా, ఇక నిలబడినట్టే అని సంబరపడొద్దు. సినీబెంచ్ నడిచేటప్పుడు కోర్లన్నీ పనిలో ఉంటాయి, వేగం కొంచెం కింద ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ లోపం దీనికి తిరగబడి కనిపిస్తుంది. ఒకే కోరు అమాంతం పై వేగానికి ఎక్కినప్పుడు, మిగతావి నిద్రపోతున్నప్పుడు వోల్టేజీ చాలక పడిపోతుంది. గంటలకొద్దీ బరువైన టెస్ట్ తట్టుకున్న పీసీ, యూట్యూబ్ చూస్తుంటేనో పిట్ మెనూలో టైర్లు ఎంచుకుంటుంటేనో ఠక్కున రీస్టార్ట్ అవుతుంది. అందుకని కోర్‌సైక్లర్ వాడండి. అది ఒక్కో కోరుకీ విడివిడిగా పని ఇచ్చి, ఏది తప్పు చేసిందో పేరు పెట్టి చెప్తుంది. రాత్రి పెట్టి పడుకోండి. తప్పు చేసిన కోరుకి మాత్రం మైనస్ 10ని మైనస్ 5 చేయండి, మిగతావాటికి ఇంకొంచెం దించి చూడొచ్చు. అన్నిటికన్నా మంచి కోర్లకే తక్కువ దించగలగడం సహజం, అవి ఇప్పటికే అంచున నడుస్తుంటాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు పడుతున్నాయేమో కూడా చూస్తూ ఉండండి. గేమ్ క్రాష్ కాకపోయినా అక్కడ ఏదైనా పడుతోందంటే సెట్టింగ్ నిలబడలేదనే అర్థం.

విజయవాడ అన్నారు కాబట్టి ఈ మాట తప్పకుండా చెప్పాలి. గది ఎంత వేడెక్కితే లోపలి ఉష్ణోగ్రతలూ దాదాపు అంతే పెరుగుతాయి. డిసెంబరు రాత్రి 24 డిగ్రీల గదిలో 72 దగ్గర ఉన్న ప్రాసెసర్, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 86కి చేరుతుంది. 5600కి హద్దు 90 డిగ్రీలు, ఆ దరిదాపులకి వచ్చేసరికి తనే వేగం తగ్గించుకుంటుంది. మీ దగ్గరున్న బాక్స్ కూలర్‌తో పీబీఓ పరిమితులు పెంచడం వేసవిలో వృథా. ఒక మామూలు సింగిల్ టవర్ కూలర్ వేయించుకోండి, దుమ్ము ఫిల్టర్లు నెలకోసారి దులపండి, క్యాబినెట్‌ని గోడకి ఆనించి పెట్టకండి. చలికాలంలో సెట్ చేసిన ఓవర్‌క్లాక్‌ని మే నెలలో మధ్యాహ్నం పూట మళ్లీ పరీక్షించాలి. రెండు గంటల ఎండ్యూరెన్స్ రేసు చివరి పావుగంటలో పీసీ రీస్టార్ట్ అయితే టీమ్ మొత్తం కష్టం పోతుంది. ఆ టెన్షన్ పెట్టుకోవడం కన్నా ఒకటి రెండు శాతం వదులుకోవడం మేలు. రేసులకి నేను వాడే ప్రొఫైల్ ఎప్పుడూ టెస్టులో నిలబడిన దానికన్నా రెండు మెట్లు కిందే ఉంటుంది.

కార్డు సంగతి క్లుప్తంగా. 3060ని ఓవర్‌క్లాక్ చేస్తే సాధారణంగా దక్కేది ఒకంకె శాతమే, అదీ కార్డు వంద శాతం పనిలో ఉన్నప్పుడు. మీ ఒంటరి ల్యాప్‌ల్లో కనిపిస్తుంది, రేస్ స్టార్ట్‌లో కనిపించదు. మీ ఎండలకి నేనైతే అండర్‌వోల్ట్ చేస్తాను, అంటే తక్కువ వోల్టేజీతో నడుపుతాను. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వోల్టేజీ గీత తెరుచుకుంటుంది. 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని 1800 మెగాహెర్ట్జ్ దాకా లేపి, దాని కుడివైపు గీతని చదును చేసి అప్లై చేయండి. నిలబడితే 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుకుంటూ పోండి. వేగం దాదాపు అదే ఉంటుంది, ఫ్యాన్ మోత, గది వేడి తగ్గుతాయి. మెమరీ క్లాక్ పెంచేటప్పుడు తెర మీద చుక్కలు రాలేదు కదా అని పెంచుకుంటూ పోకండి, ప్రతి 100కీ బెంచ్‌మార్క్ చూడండి. ఒక స్థాయి దాటాక పెంచినకొద్దీ ఎఫ్‌పీఎస్ తగ్గడం మొదలైతే అక్కడే ఆగి రెండు మెట్లు వెనక్కి రండి.

గేమ్ సెట్టింగ్స్‌లో సీపీయూ బరువు తగ్గించేవి వేరు, కార్డు బరువు తగ్గించేవి వేరు. మీరు రిజల్యూషన్ తగ్గించి చూశానన్నారు, అది తగ్గించేది కార్డు బరువునే, అందుకే ఫలితం లేదు. విజిబుల్ ఆపొనెంట్స్‌ని 20కి దించండి, మీకు దూరంగా ఉన్న కార్లని గీయడం మానేస్తుంది. అద్దాల దూరం, నాణ్యత తగ్గించండి. అద్దం అంటే వెనకున్న దృశ్యాన్ని ఇంకోసారి గీయడమే కదా. నీడలు, వ్యూ డిస్టెన్స్, చెట్లు ఒక్కో మెట్టు దించండి. వాల్యూమెట్రిక్ ఫాగ్ ఆపేయండి, అది కార్డుకి హాయి. చివరగా రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎఫ్‌పీఎస్ ఒక అంకె దాటకుండా పరిమితి పెట్టండి. మీ పీసీ రేసంతా 80 నిలబెట్టగలిగితే 80 దగ్గరే కట్టేయండి. తన వేగాన్ని ఎఫ్‌పీఎస్‌కి తగ్గట్టు మార్చుకునే ఫ్రీసింక్ మానిటర్ అయితే 60, 110 మధ్య ఊగే ఆట కన్నా కదలని 80 చేతికి ఎంతో బాగుంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఎప్పుడు స్పందిస్తుందో మీ చేతులకి అలవాటవుతుంది.

రేస్ మధ్యలో ఒకసారి స్టీరింగ్ వీల్ డిస్‌కనెక్ట్ అయిందని కూడా రాశారు. వీల్‌ని హబ్‌లో కాకుండా బోర్డు వెనక పోర్టులో పెట్టండి, విండోస్‌లో వాడని యూఎస్‌బీ పరికరాల్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. 2021లో ఏఎండీ బోర్డుల్లో యూఎస్‌బీ తెగిపోయే సమస్య వచ్చి, బయోస్ అప్‌డేట్‌తో సరిచేశారు. మీ బయోస్ అంతకన్నా పాతదైతే పైన చెప్పిన అప్‌డేట్‌తో ఇదీ తీరొచ్చు. ఓవర్‌క్లాక్ మొదలుపెట్టక ముందే ఇది తేల్చుకోండి. లేకపోతే రేపు వీల్ ఆగిపోయినప్పుడు తప్పు ర్యామ్‌దో, కేబుల్‌దో తెలియక తల పట్టుకోవాలి.

ఇవన్నీ చేశాక కూడా స్టార్ట్‌లో కార్డు 70 శాతం దాటకపోతే, అప్పుడు డబ్బు ఖర్చుపెట్టాల్సింది 4070 మీద కాదు. మీ బోర్డులోనే కూర్చునే రైజెన్ 7 5700ఎక్స్3డీ వెతకండి, సెకండ్ హ్యాండ్ అయినా సరే. దాని గరిష్ఠ వేగం 4.1 గిగాహెర్ట్జ్, మీ 5600ది 4.4. అయినా సిమ్ రేసింగ్‌లో అదే ముందుంటుంది. కారణం దాని ఎల్3 కాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 96 ఎంబీ, మీదాంట్లో 32 ఎంబీ. ముప్పై కార్ల వివరాలు ప్రతి ఫ్రేములోనూ తిరగేయాల్సి వచ్చినప్పుడు, మాటిమాటికీ ర్యామ్ దాకా పోకుండా దగ్గర్లోనే దొరకడం గిగాహెర్ట్జ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. దాని మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది, ఓవర్‌క్లాక్ చేసే పనే ఉండదు.

ముందు ఎక్స్‌ఎంపీ పెట్టక ముందు ఒకటి, పెట్టాక ఒకటి, స్పా స్టార్ట్ క్యాప్చర్లు రెండూ పంపండి. వాటిలో 1 శాతం లో, జీపీయూ వాడకం, ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపించాలి. గది ఉష్ణోగ్రత కూడా రాయండి. అవి చూసి కర్వ్ ఆప్టిమైజర్ విలువలు మీకు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను.